వైద్య గది తలుపు మూయనివ్వండి

జువైనల్ హోమ్‌లు నడిపే సూపరింటెండెంట్లకు, వాళ్ల పై అధికారులకు,

నమస్కారం. నేను నర్సుని. 11 ఏళ్లుగా జువైనల్ హోమ్‌లకు వెళ్లి పిల్లల ఆరోగ్యం చూస్తున్నాను. వారానికి రెండు రోజులు. ఒక బల్ల, రెండు కుర్చీలు, బీపీ మిషను, ఒక రిజిస్టరు, ఇదీ నా దుకాణం. మీలాంటి అధికారులతో చాలాసార్లు మాట్లాడాను, కొన్నిసార్లు వాదించాను. వాదించిన ప్రతిసారీ సగం మాట నోట్లోనే ఉండిపోయేది, ఎందుకంటే వచ్చే వారం మళ్లీ అదే గేటు దాటి లోపలికి రావాలి కదా. ఆ మిగిలిన సగం ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక పిల్లాడి సంగతి చెప్తాను. 16 ఏళ్లుంటాయి. వచ్చిన రోజు సాయంత్రమే నా దగ్గరికి తీసుకొచ్చారు. వెంట వచ్చిన గార్డు ద్వారబంధానికి భుజం ఆనించి నిలబడ్డాడు. ఆయన వెనక వరండాలో ఇంకో నలుగురు పిల్లలు వరసలో ఉన్నారు. ఫారంలో ఉన్న ప్రశ్నలే అడిగాను. జ్వరమా, దగ్గా, ఎక్కడైనా దెబ్బలు తగిలాయా. తర్వాత ఆ ప్రశ్న వచ్చింది: మూత్రంలో మంట గానీ, అక్కడ పుండు గానీ, చీము కారడం గానీ ఉందా? వాడు గార్డు వైపు ఒకసారి, వరండా వైపు ఒకసారి చూసి "లేదు" అన్నాడు. "లేదు" దగ్గర టిక్కు పెట్టాను. మొత్తం రెండు నిమిషాలు పట్టలేదు.

మూడు వారాల తర్వాత వాడు కాళ్లు ఎడంగా వేసుకుంటూ నడిచొచ్చాడు. ఒక వైపు వృషణం వాచిపోయి ఉంది, చెయ్యి వేయనివ్వడం లేదు. మూత్రనాళంలో మొదలైన ఇన్ఫెక్షన్ లోపలికి పాకి అక్కడి దాకా వెళ్లింది. మంట ఎప్పటి నుంచి అంటే, రాకముందు నుంచీ ఉందన్నాడు. "మరి ఆ రోజు అడిగితే లేదన్నావు కదరా?" అన్నాను. "సార్ అక్కడే ఉన్నాడు కదా సిస్టర్" అన్నాడు.

నిజానికి వాడు "లేదు" అన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. అలాంటి "లేదు"లు రోజూ వింటాను, వాటి గొంతే వేరు. అయినా తలుపు మూయమని గార్డుని అడగలేదు. అంతకు ముందు నెల అడిగి, "సెక్యూరిటీ సంగతి నీకేం తెలుసు" అనిపించుకున్నాను. మళ్లీ అనిపించుకోవడం ఇష్టం లేక ఊరుకున్నాను. ఆ మూడు వారాల నొప్పిలో నా వాటా కూడా ఉంది.

నేను అడిగేది ఒక్కటే. పిల్లలు మాతో మాట్లాడేటప్పుడు ఆ తలుపు మూసి ఉండనివ్వండి. పరీక్షలు, మందులు, టీకాలు, పాఠాలు అన్నీ దాని తర్వాతే. తలుపు తెరిచి ఉన్నంతకాలం మీరు ఎంత ఖర్చు పెట్టినా మా రిజిస్టర్లో "లేదు" అనే రాసి ఉంటుంది, మీ వార్షిక నివేదికలో "సమస్యలు లేవు" అని వస్తుంది.

మీ భయం ఉత్తదని అనను. ఒకసారి ఒక అబ్బాయి నా బల్ల తిరగేశాడు. బీపీ మిషను పగిలింది, నా మణికట్టుకి దెబ్బ తగిలింది. అప్పుడు గార్డు పరిగెత్తుకొచ్చాడు కాబట్టే అది అక్కడితో ఆగింది. అందుకే గార్డుని పొమ్మనడం లేదు. ఆయనకి మేం కనబడాలి, మా మాటలు వినబడకూడదు. తలుపులో గాజు పలక బిగిస్తే చాలు. నా బల్ల కింద అలారం బటన్ ఒకటి పెట్టండి. వరసలో ఉన్న పిల్లల్ని వరండా అవతలి చివర కూర్చోబెట్టండి. ఒక హోమ్‌లో ఇంతే చేశారు, పాత కిటికీ గాజు ముక్కే తలుపుకి బిగించారు. ఆ నెలలోనే నా రిజిస్టర్లో "ఉంది" అనే టిక్కులు పెరిగాయి. జబ్బులు హఠాత్తుగా పెరిగిపోయాయని ఒక అధికారి కంగారు పడ్డారు. ఆయనకి టెన్షన్ తగ్గించడానికి నాకు ఒక పూట పట్టింది!

ఇక అసలు సంగతి. లైంగిక సంబంధం వల్ల అంటుకునే ఈ జబ్బుల్లో చాలావాటితో చిక్కేమిటంటే, ఉన్నట్టే తెలియదు. క్లమీడియా సోకిన అమ్మాయిల్లో ఎక్కువమందికి ఏ లక్షణమూ ఉండదు, అబ్బాయిల్లోనూ చాలామందికి అంతే. గనేరియా అబ్బాయిల్లో మంటతో, చీముతో బయటపడుతుంది గానీ గొంతులోనో మలద్వారంలోనో ఉంటే తరచూ చప్పుడు చేయదు. మందులతో పూర్తిగా నయమయ్యే లైంగిక వ్యాధుల్లో ముఖ్యమైనవి నాలుగు: క్లమీడియా, గనేరియా, సిఫిలిస్, ట్రైకొమోనియాసిస్. 15 నుంచి 49 ఏళ్ల మధ్య వాళ్లలో ఇవి నాలుగూ కలిపి రోజుకి 10 లక్షలకు పైగా కొత్తగా సోకుతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పట్టించుకోకుండా వదిలేసిన క్లమీడియా అమ్మాయిల్లో గర్భనాళాలను దెబ్బతీస్తుంది. పదేళ్ల తర్వాత పిల్లలు పుట్టడం లేదని ఆస్పత్రుల చుట్టూ తిరిగే రోజున, ఇక్కడ గడిపిన ఆ నెల ఎవరికీ గుర్తుకు రాదు. దాన్ని నయం చేసే మందు రోజుకి రెండు మాత్రల చొప్పున ఏడు రోజుల కోర్సు, అంతే.

మన దగ్గరికి వచ్చే పిల్లలు ఎవరో మీకు తెలుసు. బడి మానేసినవాళ్లు, ఇల్లు వదిలి రోడ్ల మీద బతికినవాళ్లు, చిన్నతనంలోనే ఎవరి చేతిలోనో నలిగినవాళ్లు, తిండి కోసమో పడుకునే చోటు కోసమో ఒళ్లు అప్పగించాల్సి వచ్చినవాళ్లు. డాక్టరు ఎదురుగా కూర్చోవడం కొందరికి ఇక్కడే మొదటిసారి. 2019లో వచ్చిన ఐక్యరాజ్యసమితి అధ్యయనం ప్రకారం ప్రపంచవ్యాప్తంగా ఏటా కనీసం 4,10,000 మంది పిల్లలు రిమాండు కేంద్రాల్లో, జైళ్లలో ఉంటున్నారు. మన దగ్గరికి వచ్చేవాళ్లలో బయట ఏ క్లినిక్కూ చేరలేని పిల్లలే ఎక్కువ. వాళ్లే నొప్పి అని వచ్చినప్పుడు చూద్దాంలే అని కూర్చుంటే కుదరదు. అమెరికాలో వ్యాధుల నియంత్రణ చూసే సీడీసీ, నిర్బంధ కేంద్రాల్లోకి వచ్చే 30 ఏళ్లలోపు మగవాళ్లకు, 35 ఏళ్ల దాకా ఆడవాళ్లకు లక్షణాలు ఉన్నా లేకపోయినా వచ్చినప్పుడే క్లమీడియా, గనేరియా పరీక్షలు చేయమంటోంది. ఇదంతా పిల్లలకి చెప్పి, వాళ్లు ఒప్పుకుంటేనే. వద్దన్న పిల్లాడికి వారం తర్వాత మళ్లీ అడగండి. నా అనుభవంలో రెండోసారి అడిగితే చాలామంది సరే అంటారు, మొదటిసారి భయం వల్ల వద్దంటారు.

పరీక్ష అనగానే బట్టలు విప్పించాలేమో అనుకుంటారు. చాలావరకు అక్కర్లేదు, మూత్రం చాలు. గంట సేపు మూత్రం పోయకుండా ఆగి, మొదట వచ్చే ధారని డబ్బాలో పట్టాలి. 20, 30 మిల్లీలీటర్లు సరిపోతుంది. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. మామూలు యూరిన్ ఇన్ఫెక్షన్ పరీక్షకి మధ్య ధార పట్టమని చెప్పే అలవాటు అందరికీ ఉంది, అదే నోటితో దీనికీ మధ్య ధారే చెప్తారు. మూత్రనాళం గోడలకి ఉన్న క్రిమి మొదటి ధారతోనే బయటికి వస్తుంది. ఆ ధార పారబోసి మిగతాది ల్యాబ్‌కి పంపితే "నెగెటివ్" అని వచ్చే అవకాశం ఎక్కువ. పైగా గార్డు పక్కన నిలబడి చూస్తుంటే ఆ డబ్బాలో ఒక్క చుక్క పడదు. డ్రగ్స్ పరీక్ష చేస్తున్నారేమోనని ఇంకో భయం. ఈ డబ్బా దానికి కాదని, ఈ ఫలితం కోర్టుకి వెళ్లదని ముందే చెప్పాలి. చెప్పిన మాట మీద నిలబడాలి కూడా.

మూత్రంతో అన్నీ దొరకవు. గొంతులో, మలద్వారంలో ఉన్న ఇన్ఫెక్షన్ మూత్రంలో కనబడదు, అక్కడి నుంచి స్వాబ్ తీయాలి. ఆ స్వాబ్ తీయాలో లేదో తెలియాలంటే పిల్లాడిని అడగాలి. అబ్బాయిలతో సంబంధం ఉన్న అబ్బాయి ఆ సంగతి తెరిచిన తలుపు ముందు చెప్తాడా? చెప్తే ఆ రాత్రి వాడికి పడక గదిలో ఏం జరుగుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

నా బల్ల మీద ఒక అట్టపెట్టె ఉంటుంది. పేరు రాయకుండా ప్రశ్న చీటీ మీద రాసి అందులో వేయొచ్చు. రాయడం రాని పిల్లలు పక్కవాడితో రాయిస్తారు, అందుకే కొన్ని చీటీల్లో "మా ఫ్రెండ్ అడగమన్నాడు" అని ఉంటుంది, అది ఒక్కోసారి నిజమే. ఆ చీటీలు మీకు చూపించను గానీ కొన్ని చెప్తాను. "ఒకే సబ్బు వాడితే ఎయిడ్స్ వస్తుందా?" రాదు. "చేత్తో చేసుకుంటే ఒళ్లు చిక్కిపోతుందా?" చిక్కదు. ఈ ఒక్క జవాబు విని ఎంతమంది నిద్రపోయి ఉంటారో! "కామెర్ల జబ్బు ముద్దు పెట్టుకుంటే వస్తుందా" అని ఒకరు. బొమ్మ వేసి, పక్కన బాణం గుర్తు పెట్టి, "ఇది మామూలేనా" అని ఇంకొకరు. అది మామూలే. చాలామంది అబ్బాయిలకి ఉండే చిన్న చిన్న తెల్ల బుడిపెలు, జబ్బు కాదు. ఆ బొమ్మ వేసిన పిల్లాడు ఎన్ని నెలలు దాన్ని మోశాడో.

ఒక చీటీ మాత్రం నా పర్సులోనే ఉండిపోయింది. "కింద పుండు వచ్చింది. నొప్పి లేదు. దానంతటదే మానిపోయింది. తగ్గినట్టేనా?"

తగ్గినట్టు కాదు. నొప్పి లేని పుండు, మూడు నుంచి ఆరు వారాల్లో తనంతట తానే మానిపోయే పుండు, సిఫిలిస్‌కి అదే గుర్తు. పెద్దవాళ్లు సవాయి అనేవాళ్లు. పుండు మానాక క్రిమి రక్తంలో ఉండిపోతుంది. కొన్ని వారాలకి ఒంటి మీద, అరచేతుల్లో, అరికాళ్లలో దద్దు వస్తుంది, అదీ పోతుంది. తర్వాత ఏళ్ల తరబడి ఏమీ తెలియదు. చివరికి గుండెనో మెదడునో పట్టుకోవచ్చు. తొలి దశలో పట్టుకుంటే పెన్సిలిన్ ఇంజెక్షన్ ఒక్కసారి ఇస్తే సరిపోతుంది. ఆ చీటీ ఎవరిదో నాకు తెలియదు, అడగనని మాటిచ్చాను. అందుకని ఆ వారం మొత్తం అందరికీ సిఫిలిస్ గురించే చెప్పాను, ప్రతి గుంపుకీ, ఒకే మాట పదిసార్లు. రక్త పరీక్షకి తొమ్మిదిమంది తమంతట తామే వచ్చారు. అందులో ఆ పిల్లాడున్నాడో లేదో ఇప్పటికీ తెలియదు.

పాఠాల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పెద్ద హాల్లో 80 మందిని కూర్చోబెట్టి, ప్రొజెక్టర్ పెట్టి, ముఖ్య అతిథి చేత మాట్లాడించే కార్యక్రమాలు దయచేసి ఆపండి. వెనక వరసలో నవ్వులు, ముందు వరసలో నిద్ర. ఎనిమిది, పదిమంది చాలు. చిన్నవాళ్లు విడిగా, పెద్దవాళ్లు విడిగా. వాళ్లు వాడే మాటలే మేమూ వాడాలి. మొదట్లో నేను "జననేంద్రియాలు" అనేదాన్ని, అదేదో పరీక్షలో వచ్చే ప్రశ్న అనుకున్నారు పాపం.

మధ్యలో ఒక మాట. దీనికి లైంగిక వ్యాధులతో సంబంధం లేదు గానీ చెప్పకుండా ఉండలేను. అబ్బాయికి హఠాత్తుగా వృషణంలో భరించలేని నొప్పి వస్తే, దాంతో పాటు వాంతులు అవుతుంటే, అది లోపల మెలి తిరిగి రక్తం ఆగిపోవడం వల్ల కావచ్చు. ఆరు గంటల్లోపు ఆపరేషన్ జరిగితే కాపాడే అవకాశం బాగా ఉంటుంది, ఆలస్యమైన కొద్దీ అది తగ్గిపోతుంది. అర్ధరాత్రి ఆ నొప్పితో పిలిచిన పిల్లాడిని చూసి నవ్వి, "పొద్దున్న సిస్టర్ వస్తుంది" అని పడుకోబెట్టిన డ్యూటీ మనుషులు ఉన్నారు. రాత్రి డ్యూటీ వాళ్లందరికీ ఈ ఒక్క సంగతి కాగితం మీద రాసి గోడకి అంటించండి.

కండోమ్ మాట ఎత్తగానే సమావేశంలో అందరూ ఫైళ్లు సర్దుకుంటారు. ఇస్తే ప్రోత్సహించినట్టు, ఇవ్వకపోతే కళ్లు మూసుకున్నట్టు. జైళ్ల కోసం ఐక్యరాజ్యసమితి సంస్థలు రూపొందించిన హెచ్ఐవీ నివారణ పద్ధతుల్లో కండోమ్ ఉంది. మన దగ్గర ఉన్నది మైనర్లు కాబట్టి అది యథాతథంగా వర్తిస్తుందని నేను వాదించను. సిబ్బందికీ పిల్లలకీ మధ్య ఏది జరిగినా అది నేరమే, అందులో ఇంకో మాట లేదు. పిల్లల మధ్య జరిగేదాంట్లో కూడా బెదిరింపు ఎంత, ఇష్టం ఎంత అనేది బయటివాళ్లకి అంత సులువుగా అంతుపట్టదు. నా అభిప్రాయం ఇది: ఎలా వాడాలో ప్రతి పిల్లాడికీ, ప్రతి పిల్లకీ చేత్తో పట్టుకుని నేర్పాలి. ప్యాకెట్ మీద తేదీ చూడటం, పళ్లతో చింపకపోవడం, నూనె గానీ వాజిలిన్ గానీ రాయకపోవడం (లేటెక్స్ దెబ్బతింటుంది) ఇవన్నీ. విడుదల రోజున సంచిలో పెట్టి ఇవ్వాలి. లోపల ఉండగా ఎవరైనా వైద్య గదిలో అడిగితే ఇవ్వాలి, ఇచ్చేటప్పుడు వాడి భద్రత గురించి మాట్లాడాలి. పడక కింద కండోమ్ దొరికిందని శిక్ష వేయడం మాత్రం ఎవరికీ మేలు చేయదు, తర్వాత ఎవరూ అడగరు, అంతే.

బెదిరింపు అన్నాను కదా. అమెరికాలో ప్రభుత్వ గణాంక సంస్థ జువైనల్ కేంద్రాల్లోని పిల్లలనే నేరుగా, పేరు బయటపడకుండా కంప్యూటర్ మీద ప్రశ్నలు అడిగింది. 2012లో 9.5 శాతం మంది, 2018లో 7.1 శాతం మంది లోపల లైంగిక వేధింపుకి గురయ్యామని చెప్పారు. 2018లో సిబ్బంది వల్ల అన్నవాళ్లు 5.8 శాతం, తోటి పిల్లల వల్ల అన్నవాళ్లు 1.9 శాతం, కొందరు రెండూ చెప్పారు. "మా దగ్గర అలాంటివి లేవు" అని నాతో అన్న ప్రతి అధికారికీ నేను అడగాలనుకుని అడగలేకపోయిన ప్రశ్న: ఎవరిని అడిగి తెలుసుకున్నారు?

ఏదైనా జరిగితే గడియారం పరిగెడుతుంది. హెచ్ఐవీ సోకకుండా ఆపే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది, 28 రోజులు వాడాలి. గర్భం రాకుండా ఆపే అత్యవసర మాత్ర కూడా అంతే, ఆలస్యమైన కొద్దీ పని తగ్గుతుంది. రకాన్ని బట్టి మూడు నుంచి ఐదు రోజుల్లోపు వేసుకోవాలి. శనివారం రాత్రి జరిగినదాన్ని "సోమవారం సార్ వచ్చాక చూద్దాం" అంటే అందులో సగం సమయం పోయినట్టే. ఆధారాలు నిలవాలంటే ఆస్పత్రికి వెళ్లేదాకా స్నానం చేయించకూడదు, బట్టలు ఉతకకూడదు, విప్పిన బట్టలు ప్లాస్టిక్ సంచిలో కాకుండా కాగితం సంచిలో పెట్టాలి. ఇంకో సంగతి. ఫిర్యాదు చేసిన పిల్లనో పిల్లాడినో "నీ రక్షణ కోసమే" అని ఒంటరి గదిలో పెట్టడం నేను చూశాను. ఆటలు బంద్, క్లాసులు బంద్. అది చూసిన మిగతా పిల్లలు ఇంకెప్పుడూ నోరు విప్పరు.

ఇక్కడ నా చేతులు కూడా కట్టేసి ఉన్నాయని ఒప్పుకోవాలి. పిల్లలు చెప్పిన ప్రతిదీ నేను కడుపులో దాచుకోలేను. ఎవరైనా వాళ్లని హింసిస్తుంటే పైకి చెప్పి తీరాలి. అందుకే కూర్చోగానే ముందు ఇదే చెప్తాను: "నీ జబ్బు సంగతి నా దగ్గరే ఉంటుంది. నిన్ను ఎవరైనా బాధపెడుతున్నారని తెలిస్తే మాత్రం నేను ఊరుకోలేను, ఎవరికి చెప్తానో నీకు ముందే చెప్పి చెప్తాను." కొందరు అప్పుడే లేచి వెళ్లిపోతారు. మళ్లీ నెల తర్వాత వస్తారు.

లైంగిక సంబంధం లేకుండా కూడా అంటుకునేవి ఇంకా ఉన్నాయి. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం ఏడు రోజులు బతికే ఉంటుంది. ఎండిపోయిన, కంటికి కనబడని రక్తపు మరకలో కూడా. ఒక హోమ్‌లో వారానికి ఒకసారి గడ్డం గీసుకోవడానికి పది రేజర్లు ఇచ్చి 40 మందికి సరిపెట్టేవారు. లెక్క తప్పకూడదని చివర్లో పది మళ్లీ తీసుకుని, డబ్బాలో వేసి తాళం వేసేవారు. రేజర్ల లెక్క ఎప్పుడూ తప్పలేదు. ఎవరి రేజర్ వాళ్లకి, పేరు రాసిన కవరులో. అంతకు మించి ఏమీ అక్కర్లేదు. పచ్చబొట్లూ అంతే. పెన్ను సిరా, స్టేప్లర్ పిన్ను, ఒక పిన్నుతో నలుగురు. శిక్షలు వేసినా అవి ఆగలేదు. పచ్చబొట్టు చూపించి "ఇది ఎర్రగా వాచింది సిస్టర్" అని వచ్చినవాడిని నేను పట్టించి ఉంటే, తర్వాతివాడు చీము పట్టాకే వచ్చేవాడు. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు, పూర్తవడానికి ఆరు నెలలు. పిల్లలు అంతకాలం ఉండరు కాబట్టి మొదలే పెట్టరు. మొదటి డోసు వచ్చిన రోజే వేయండి, మిగతావి ఎప్పుడు వేయించుకోవాలో కార్డు చేతికివ్వండి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా అయితే 9 నుంచి 20 ఏళ్ల అమ్మాయిలకి ఒక్క డోసు కూడా చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. ఒక్క డోసు వేయడానికి ఒక్క రోజు చాలు కదా.

గజ్జి గురించి రెండు ముక్కలు. ఒకడికి వస్తే వాడికి మాత్రమే మందు రాస్తే లాభం లేదు. మొదటిసారి సోకినప్పుడు దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, ఈలోగా గది మొత్తానికి పాకి ఉంటుంది. గదిలో అందరికీ ఒకే రాత్రి, మెడ నుంచి అరికాళ్ల దాకా, వారం తర్వాత మళ్లీ. ప్రతి పిల్లాడికీ సొంత తువ్వాలు, సొంత లోదుస్తులు ఉండాలి. ఉతికాక కుప్పలోంచి ఎవరికి దొరికింది వాళ్లు వేసుకునే పద్ధతి ఇంకా ఉన్నచోట, నన్ను మందు అడగకండి.

అమ్మాయిల విభాగంలో పరిస్థితి ఇంకో రకం. ఒక పిల్ల పొత్తికడుపు నొప్పి అని మూడుసార్లు చెప్పింది, మూడుసార్లూ నెలసరి నొప్పి అని మాత్ర ఇచ్చి పంపారు. నాలుగోసారి జ్వరంతో వచ్చింది. గర్భసంచి చుట్టూ ఇన్ఫెక్షన్ పాకింది. నెలసరి ప్యాడ్ కావాలంటే మగ గార్డుని అడగాలి, ఆయన ఒకటి లెక్కపెట్టి ఇస్తాడు, ఇంకొకటి కావాలంటే ఎందుకంటాడు. ఎందుకో ఆ పిల్ల ఏం చెప్తుంది! ప్యాడ్లు స్నానాల గదిలో, అందరికీ అందేచోట, లెక్క లేకుండా పెట్టండి. గర్భం పరీక్ష ఆ పిల్లకి చెప్పి, ఒప్పుకున్నాకే చేయాలి. గర్భవతి అయితే సిఫిలిస్, హెచ్ఐవీ పరీక్షలు ఆ వారమే జరగాలి, ఎందుకంటే సమయానికి వైద్యం అందితే బిడ్డకి సోకకుండా చాలావరకు ఆపొచ్చు.

హెచ్ఐవీ ఉన్న పిల్లల ఫైలు మీద ఎర్ర గీత గీసే అలవాటు ఎక్కడైనా మిగిలి ఉంటే ఈ రోజే చెరిపేయండి. మాత్రల వేళకి "ఆ మందుల వాడు రావాలి" అని వరండాలో కేకేయడం కూడా. మందు క్రమంగా వేసుకుంటూ, రక్తంలో వైరస్ పరీక్షకి దొరకనంతగా తగ్గితే, లైంగికంగా ఇంకొకరికి అంటదు. కానీ క్రమంగా అంటే కోర్టు వాయిదా రోజున కూడా. తెల్లారకముందే వ్యాన్ ఎక్కించి, రాత్రి తీసుకొస్తారు, ఆ రోజు మాత్ర ఎవరికీ గుర్తుండదు. నెలకి రెండు వాయిదాలున్న పిల్లాడు నెలకి రెండు డోసులు వదిలేస్తున్నాడు.

నేను కొత్తగా కనిపెట్టి చెప్తున్నదేం లేదు. నిర్బంధంలో ఉన్న పిల్లల కోసం ఐక్యరాజ్యసమితి 1990లో ఆమోదించిన హవానా నియమాల్లో దీని మూలం ఉంది. చేరిన వెంటనే డాక్టరు చూడటం పిల్లల హక్కు అని 50వ నియమం. జబ్బు వచ్చాక చూడటమే కాకుండా రాకుండా చూడటం కూడా వైద్యమేనని, వీలైనంత వరకు ఆ ప్రాంతంలోని మామూలు ఆస్పత్రుల ద్వారానే అది అందాలని, దానివల్ల పిల్లల మీద మచ్చ పడకుండా ఉంటుందని 49వ నియమం. వైద్య రికార్డులు గోప్యంగా ఉంచాలనీ ఉంది. మీ ఆఫీసు బీరువాలో ఈ పుస్తకం ఉండే ఉంటుంది.

విడుదల రోజు గురించి చెప్పి ముగిస్తాను. చాలామంది పిల్లలు రోజుల్లోనే వెళ్లిపోతారు. ఫలితం వచ్చేసరికి పిల్లాడు ఉండడు. ఆ కాగితం నా సొరుగులో ఉండిపోతుంది. ఆ పిల్లాడు, వాడితో ఉన్నవాళ్లు, ఎవరికీ తెలియదు. అందుకే మొదటి రోజే వాడిని అడుగుతాను: ఫలితం వస్తే నీకు ఎలా చెప్పాలి, ఇంట్లోవాళ్లకి తెలియకుండా ఏ నంబరుకి చేయాలి, ఎవరు ఎత్తితే పెట్టేయాలి. ఈ నంబర్లు రాసుకునే పుస్తకం నాకుంది, ఆ ఫోన్ చేయడానికి మాత్రం హోమ్‌లో అనుమతి లేదు. బయట, నా సొంత ఫోన్ నుంచి చేస్తున్నాను. తప్పో ఒప్పో మీరే చెప్పండి. వైద్యం అయినవాళ్లకి మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష కావాలి, ఎందుకంటే తిరిగి సోకడం చాలా మామూలు. ఎక్కడికి వెళ్లాలో చీటీ కావాలి.

వృషణం వాచిన ఆ పిల్లాడిని వైద్యం మధ్యలో ఉండగా విడుదల చేశారు. నాకు రెండు రోజుల తర్వాత తెలిసింది. వాడి ఐదు రోజుల మాత్రలు నా బల్ల సొరుగులో ఉన్నాయి. బెల్టు, పర్సు, తాళం చెవి, చెప్పుల జత మాత్రం గేటు దగ్గర లెక్కపెట్టి, రిజిస్టర్లో సంతకం తీసుకుని అప్పగించారు.

ఇట్లు,
మీ హోమ్‌లకు వచ్చే ఒక నర్సు